చిన్న పార్టీకి ఏది మేలు: ఒంటరి పోరా, పొత్తా, విలీనమా? విశాఖ నుంచి స్వతంత్ర పార్టీ కథ చూస్తే

మన వైజాగ్‌లో వ్యాపారం చేసుకునేవాళ్ళు నలుగురు కలిస్తే చాలు, కాసేపటికి ఈ మాట వచ్చేస్తుంది, మన గోడు పట్టించుకునే పార్టీ ఒక్కటీ లేదు గురూ, మనమే ఒకటి పెట్టుకోవాలి అని. ఆటోనగర్‌లో లేత్ మిషన్లు నడిపేవాళ్ళు అంటారు, పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేల్ వాళ్ళు అంటారు, మధురవాడ వైపు చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టుకున్న కుర్రాళ్ళూ అంటారు. ఆ వెంటనే ఇంకెవరో అందుకుంటారు, పెట్టినా ఏం లాభం, నాలుగేళ్ళు తిరిగేసరికి ఏదో పెద్ద పార్టీలో కలిపేయాల్సిందే కదా అని. నేను రాసేది ఈ రెండో మాట గురించి. ఎందుకంటే ఈ దేశంలో ఒకసారి స్వతంత్ర అనే పార్టీకి అచ్చం ఇలాగే జరిగింది, ఆ పార్టీకి మొదటి అధ్యక్షుడు మన తెలుగాయనే, ఆంధ్రలో దానికి పెద్ద దిక్కు మన పక్క శ్రీకాకుళం జిల్లా మనిషే, అయినా ఈ రోజు దాని పేరు చెప్తే కుర్రాళ్ళలో చాలామందికి తెలీదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఒంటరిగా ఉండటం, పొత్తు పెట్టుకోవడం, కలిసిపోవడం, ఈ మూడింట్లో చిన్న పార్టీకి పొత్తే మేలు. కలిసిపోవడం ఒక్క సందర్భంలోనే పనికొస్తుంది, మనం ఏ ఒక్క పని కోసం పుట్టామో అదే పని ఆ పెద్ద పార్టీ కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకున్నప్పుడు. మిగతా అన్ని సార్లూ మనుషులు బతుకుతారు, పార్టీ పెట్టిన కారణం పోతుంది.

కథ 1959లో మొదలైంది. ఆ జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సభలు సహకార ఉమ్మడి సేద్యం తీర్మానం చేశాయి, అంటే రైతు పొలాలన్నీ కలిపి సేద్యం చెయ్యడం. నిడుబ్రోలు ఎన్.జి.రంగా గారు దాన్ని ఒప్పుకోలేక కాంగ్రెస్‌లోంచి బయటికొచ్చేశారు. జూన్‌లో మద్రాసులో రాజాజీ (సి.రాజగోపాలాచారి) ఈ స్వతంత్ర పార్టీని ప్రకటించారు, అప్పటికి ఆయనకి 80 ఏళ్ళు, ఆ వయసులో సొంత పాత పార్టీ మీదే తిరగబడ్డం మామూలు విషయం కాదు. రంగా గారు అధ్యక్షుడు, మినూ మసానీ ప్రధాన కార్యదర్శి, కె.ఎం.మున్షీ, వి.పి.మీనన్ లాంటి వాళ్ళు తోడు. ఇరవయ్యొక్క సూత్రాలు పెట్టుకున్నారు, వాటి సారం ఏంటంటే రైతు భూమి రైతుదే, వ్యాపారం చెయ్యడానికి ప్రతిదానికీ లైసెన్సు పర్మిట్టు అని ఆఫీసుల చుట్టూ తిప్పకండి, ఆస్తి హక్కు జోలికి రావద్దు. పాత ఆచారాలూ ధర్మం అంటే గౌరవం ఉన్న రాజాజీ, పూర్తిగా పాశ్చాత్య చదువుల మసానీ, పల్లెటూరి రైతు భాష మాట్లాడే రంగా గారు, వీళ్ళతో పాటు జైపూర్ గాయత్రీ దేవి లాంటి రాజకుటుంబాల వాళ్ళు, ఇంతమందినీ ఒక్క చోట కట్టి ఉంచింది ఆ ఆస్తి హక్కే. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో అసలు లెక్క దీని మీదే తేలుతుంది.

ఎదుగుదల బానే ఉంది. 1962లో లోక్‌సభలో 18 సీట్లు, మన ఆంధ్ర అసెంబ్లీలో 19. 1967కి లోక్‌సభలో 44, అంటే కాంగ్రెస్ తర్వాత ఎక్కువ సీట్లు వీళ్ళవే, ఆంధ్రలో 29. పుట్టిన ఎనిమిదేళ్ళకి ఇది చిన్న విషయం కాదు. శ్రీకాకుళం లోక్‌సభ సీటు గౌతు లచ్చన్న గారు గెలిచి తర్వాత ఖాళీ చేస్తే ఉపఎన్నికలో రంగా గారు అక్కడి నుంచి పార్లమెంటుకి వెళ్ళారు, గుంటూరు నాయకుడిని సిక్కోలు జనం గెలిపించి పంపారన్నమాట.

లచ్చన్న గారి గురించి ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి, ఎందుకంటే స్వతంత్ర అంటే రాజులూ షావుకార్ల పార్టీ అని అందరూ అనేస్తారు. ఈయన బారువ ఊరి మనిషి, కల్లుగీత కార్మికుల కోసం జైళ్ళకి వెళ్ళినాయన, 1954లో మద్యనిషేధం గొడవలో ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయిందంటే దాని వెనక ఈయన పోరాటం ఉంది. అలాంటాయన ప్రైవేటు ఆస్తి కావాలనే పార్టీలో ఎందుకున్నారంటే, ఎకరం రెండెకరాలున్న రైతుకీ చెట్టు గీసుకు బతికేవాడికీ ప్రభుత్వ ఆఫీసరంటే ఎంత భయమో ఆయనకి తెలుసు. మన ఉత్తరాంధ్రలో ఆ పార్టీ నిలబడింది ఇలాంటి మనుషుల వల్లే, మేడల్లో వాళ్ళ వల్ల కాదు.

సరే, ఇప్పుడు పోలిక. ముందు ఒంటరి పోరు సంగతి తొందరగా తేల్చేస్తా, ఎందుకంటే దీనికి మనం కళ్ళారా చూసిన ఉదాహరణే ఉంది. లోక్‌సత్తా 2006లో పార్టీ అయింది, 2009లో కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ గారు ఒక్కరే గెలిచారు, 2016కి ఎన్నికల రాజకీయాల నుంచే తప్పుకుంది. మాట పోలేదు, గౌరవం పోలేదు, కానీ సీట్లు రాలేదు. మన పద్ధతిలో నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినోడే గెలుస్తాడు కాబట్టి, రాష్ట్రమంతా పల్చగా పరుచుకున్న మంచి పేరు సీట్లుగా మారదు. ఒంటరిగా నిలబడాలంటే ఒక్క జిల్లాలోనో ఒక్క నగరంలోనో ఓటు గట్టిగా ముద్దలా ఉండాలి, అది లేకుండా ఒంటరి పోరు అంటే డబ్బూ వయసూ రెండూ కరిగించుకోవడమే.

డబ్బంటే గుర్తొచ్చింది, వ్యాపారుల పార్టీకి డబ్బుకేం లోటు అనుకుంటారు చాలామంది, అది పెద్ద పొరపాటు. వ్యాపారి తన పని ఎవరి చేతిలో ఉందో వాళ్ళకే ఎక్కువ ఇస్తాడు. లైసెన్సు ఇచ్చేది కాంగ్రెస్ ప్రభుత్వం, మరి చందా ఎవరికి వెళ్తుంది? టాటాలు కాంగ్రెస్‌తో పాటు స్వతంత్రకీ ఇవ్వడానికి ముందుకొచ్చారు, ఆ మాత్రం ధైర్యం చేసినవాళ్ళు తక్కువే. 1969లో ఇందిర గారి ప్రభుత్వం కంపెనీలు పార్టీలకి చందాలివ్వడమే నిషేధించింది, అది మళ్ళీ తెరుచుకున్నది 1985లో. అప్పటికి స్వతంత్ర లేనే లేదు. ఇప్పుడు మన ఊళ్ళో ఎవరైనా ఇలాంటి పార్టీ పెట్టాలనుకుంటే పెద్ద కంపెనీల మీద ఆశ పెట్టుకోవద్దు, కొట్టుకి ఇంత అని చిన్న చందాల మీద నడపగలిగితేనే మొదలెట్టండి.

ఇక పొత్తు. దీన్లో మంచీ చెడూ రెండూ స్వతంత్ర కథలోనే ఉన్నాయి. 1967లో మద్రాసులో రాజాజీ డీఎంకేతో పొత్తు పెట్టుకున్నారు, కాంగ్రెస్ ఓడిపోయింది, స్వతంత్రకి 20 అసెంబ్లీ సీట్లొచ్చాయి. కానీ డీఎంకేకి సొంతంగానే మెజారిటీ వచ్చేసింది, ఇంక వీళ్ళ అవసరం ఏముంది? పొత్తులో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే, పెద్దోడు మరీ బాగా గెలిస్తే చిన్నోడి మాట చెల్లదు. అదే ఏడాది మన పక్కనే ఒరిస్సాలో సరిగ్గా తిరగబడింది, స్వతంత్రకి 49 సీట్లొచ్చాయి, కాంగ్రెస్‌లోంచి చీలిన జన కాంగ్రెస్‌తో కలిసి ప్రభుత్వం పెట్టి ఆర్.ఎన్.సింగ్ దేవ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఇచ్ఛాపురం దాటితే ఆ పార్టీ ముఖ్యమంత్రి ఉండేవాడంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.

1971లో మాత్రం పొత్తు ముంచేసింది. సంస్థా కాంగ్రెస్ (1969లో కాంగ్రెస్ చీలినప్పుడు ఇందిర గారికి ఎదురు నిలిచిన వర్గం), జనసంఘ్, సోషలిస్టులు, స్వతంత్ర, అందరూ కలిసి ఇందిర గారి మీదకి వెళ్ళారు. మరి ప్రైవేటు ఆస్తి కావాలనేవాళ్ళూ బ్యాంకుల జాతీయం మంచిదనే సోషలిస్టులూ ఒకే వేదిక మీద నిలబడి ఓటరుకి ఏం చెప్తారు? ఇందిర గారిని దించాలన్నది తప్ప ఉమ్మడి మాట లేదు, ఆవిడేమో గరీబీ హటావో అన్నారు. 44 సీట్ల పార్టీ 8కి పడిపోయింది. అప్పటికి పార్టీ అధ్యక్షుడైన మసానీ ఆ పదవి వదిలేశారు, రంగా గారు కొన్నాళ్ళకి మళ్ళీ కాంగ్రెస్‌లోకి వెళ్ళిపోయారు, 1972 డిసెంబరు 25న రాజాజీ పోయారు. కానీ ఒకటి చూడండి, ఇంత దెబ్బ తిన్నాక కూడా పార్టీ పేరు ఉంది, నక్షత్రం గుర్తు ఉంది, పార్లమెంటులో నిలబడి అడగడానికి 8 మంది ఉన్నారు. పొత్తులో ఓడిపోతే సీట్లు పోతాయి, మళ్ళీ తెచ్చుకోవచ్చు. అదే నేను చెప్పే తేడా.

విలీనం దగ్గరికొస్తే కాస్త ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే విలీనాలన్నీ ఒకటి కావు, ఈ ఒక్క పార్టీ చుట్టూనే నాలుగు రకాలున్నాయి.

మొదటిది స్వతంత్ర పుట్టకముందే జరిగింది. రంగా గారికీ లచ్చన్న గారికీ కృషికార్ లోక్ పార్టీ ఉండేది. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులు వచ్చేస్తారన్న భయంతో కాంగ్రెస్‌తో ఐక్య సంఘటన కట్టారు, కృషికార్ వాళ్ళు 22 సీట్లు గెలిచారు, ఆ తర్వాత కాంగ్రెస్‌లో కలిసిపోయారు. నాలుగేళ్ళు తిరగకుండానే నాగపూర్ తీర్మానం వచ్చి పడింది. రైతు కోసం పెట్టిన పార్టీని ఎందులో కలిపారో అదే పార్టీ రైతు పొలం ఉమ్మడి చేద్దామంది, వీళ్ళేమో మళ్ళీ మొదట్నించీ కొత్త పార్టీ కట్టుకోవాల్సొచ్చింది. 22 మంది ఎమ్మెల్యేలతో సొంతంగా ఉండి ఉంటే ఆ తీర్మానానికి అడ్డం పడటానికి సొంత బలం ఉండేది కదా.

రెండోది ఒరిస్సా గణతంత్ర పరిషత్ స్వతంత్రలో కలవడం, 1962లో. ఇది బాగా కుదిరింది, ఇందాక చెప్పిన సింగ్ దేవ్ ఆ పరిషత్ నాయకుడే, కలిసిన అయిదేళ్ళకి ముఖ్యమంత్రి. ఎందుకు కుదిరిందంటే రెండు పార్టీల కోరికా ఒకటే, పైగా ఒరిస్సాలో స్వతంత్రకి వేరే నాయకత్వం లేదు, కాబట్టి వచ్చినవాళ్ళే ఇంటి యజమానులయ్యారు. మూడోది బీహార్ రామ్‌గఢ్ రాజావారిది, తన పార్టీని తెచ్చి స్వతంత్రలో కలిపారు, 1962లో అక్కడ 50 సీట్లొచ్చాయి, కొన్నాళ్ళకే ఆయన తన మనుషుల్ని తీసుకుని కాంగ్రెస్ వైపు వెళ్ళిపోయారు. అది సిద్ధాంతం కలిసిన విలీనం కాదు, ఒక మనిషి వచ్చాడు ఒక మనిషి పోయాడు, అంతే.

నాలుగోది అసలుది. 1974 ఆగస్టులో పిలూ మోడీ నాయకత్వంలో స్వతంత్ర పార్టీ చరణ్ సింగ్ గారి భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది, సోషలిస్టుల్లో ఒక వర్గం, ఉత్కల్ కాంగ్రెస్, ఇలా మొత్తం ఏడు పార్టీలు. పైకి చూస్తే సబబుగానే ఉంది, చరణ్ సింగ్ కూడా నాగపూర్‌లో ఆ ఉమ్మడి సేద్యాన్ని ఎదిరించినాయనే, రైతు భూమి రైతుదే అన్నాయనే. అంటే సగం కోరిక కలిసింది. మిగతా సగం, వ్యాపారం మీద ప్రభుత్వం పట్టు తగ్గించడం, అది మాత్రం కలవలేదు, ఆయనకి పెద్ద పరిశ్రమలంటే గిట్టదు. 1977లో లోక్‌దళ్ మళ్ళీ జనతా పార్టీలో కలిసింది, ఎన్నికలు లోక్‌దళ్ గుర్తు చక్రంలో నాగలి పట్టిన రైతు మీదే గెలిచారు, ఢిల్లీలో అధికారం వచ్చింది. వ్యాపారం వైపు మాట్లాడే పార్టీ మనుషులు అధికారంలో కూర్చున్నారు, పాత స్వతంత్ర నాయకుడు హెచ్.ఎం.పటేల్ ఏకంగా ఆర్థిక మంత్రి అయ్యారు.

మరి ఏం జరిగింది? పరిశ్రమల మంత్రి సోషలిస్టు జార్జి ఫెర్నాండెజ్, ఆ హయాంలోనే కోకాకోలా, ఐబీఎం దేశం వదిలి వెళ్ళిపోయాయి. 1978 జనవరిలో వెయ్యి, అయిదు వేలు, పదివేల నోట్లు రద్దు చేశారు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది 44వ రాజ్యాంగ సవరణ. ఎమర్జెన్సీలో చేసిన చాలా అన్యాయాలు సరిచేసిన మంచి సవరణే అది, నేను కాదనను. కానీ ఆ సవరణతోనే ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి 300ఏ అధికరణంలో మామూలు చట్టబద్ధ హక్కుగా పడేశారు, 1979 జూన్ నుంచి అమల్లోకొచ్చింది. నెహ్రూ గారు చెయ్యలేదు, ఇందిర గారు సవరణల మీద సవరణలు చేసి బలహీనం చేశారు గానీ పూర్తిగా తియ్యలేదు. తీసింది ఎవరు? స్వతంత్ర పార్టీ వెళ్ళి కలిసిన ప్రభుత్వం! 1970లో బ్యాంకుల జాతీయం మీద సుప్రీంకోర్టుకి వెళ్ళి గెలిచిన ఆర్.సి.కూపర్ కూడా స్వతంత్ర మనిషే, అంటే ఆ హక్కు కోసం కోర్టు దాకా వెళ్ళిన పార్టీ అది. విడిగా పది మంది ఎంపీలతో ఉండి బయటి నుంచి మద్దతిస్తూ ఉంటే, ఈ ఒక్కటి మాత్రం కుదరదు అని గట్టిగా చెప్పగలిగేవాళ్ళు. కలిసిపోయాక విప్, అంటే పార్టీ ఆదేశం, ప్రకారం ఓటెయ్యడమే.

ఆస్తి హక్కు అంటే ధనవంతుల గొడవ కదా మనకెందుకు అంటారేమో, ఆ మాట వైజాగ్‌లో మాత్రం అనకండి. స్టీల్ ప్లాంట్ కోసం భూములిచ్చిన నిర్వాసితుల ఇళ్ళకి వెళ్ళి ఆర్ కార్డు గురించి అడగండి. తాతలు భూమిచ్చారు, ఉద్యోగం వస్తుందని కార్డు ఇచ్చారు, ఆ కార్డు పట్టుకుని మనవల దాకా తిరుగుతూనే ఉన్నారు. వాళ్ళెవరూ రాజులు కాదు, జీడితోటలూ మెట్టపొలాలూ ఉన్న చిన్న రైతులు. ఆస్తి హక్కు బలంగా ఉండాలి అనే పార్టీ ఒకటి నిజంగా బతికుంటే మొట్టమొదట నిలబడాల్సింది వాళ్ళ పక్కన.

ఇదే ఊళ్ళో ఇంకో సంగతి ఉంది, అది వ్యాపారం వైపు మాట్లాడే ఏ పార్టీకైనా చిక్కే. మన షిప్‌యార్డ్ మొదలైంది ప్రైవేటుగా, వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ 1941లో శంకుస్థాపన చేయించింది, 1948లో జల ఉష అనే ఓడ ఇక్కడే నీళ్ళలోకి దిగింది, 1952లో ప్రభుత్వం మెజారిటీ వాటా తీసుకుని హిందుస్తాన్ షిప్‌యార్డ్ చేసింది. కాల్టెక్స్ రిఫైనరీ కూడా ప్రైవేటుదే, తర్వాత హెచ్‌పీసీఎల్ అయింది. ఉక్కు ఫ్యాక్టరీ మాత్రం జనం రక్తంతో వచ్చింది, 1966 ఉద్యమంలో నవంబరు 1న ఇక్కడ కాల్పులు జరిగాయి, తెన్నేటి విశ్వనాథం గారితో పాటు కమ్యూనిస్టులూ స్వతంత్ర వాళ్ళూ కూడా ఆ ఉద్యమంలో నడిచారు. ప్రభుత్వం వ్యాపారం చెయ్యకూడదనే పార్టీ వాళ్ళు ప్రభుత్వ ఫ్యాక్టరీ కోసం వీధుల్లోకొచ్చారంటే అది ద్వంద్వ నీతి అని నేననుకోను, ఇక్కడి జనం కడుపు ఎక్కడ నిండుతుందో తెలిసిన రాజకీయం అది. ఆటోనగర్ చిన్న యూనిట్లు బతికేది ఈ పెద్ద ప్లాంట్ల ఆర్డర్ల మీదే కదా. 2021 జనవరిలో స్టీల్ ప్లాంట్‌లో పెట్టుబడుల ఉపసంహరణకి కేంద్రం ఒప్పుకున్నప్పుడు గేటు ముందు కార్మికులతో పాటు మన చిన్న సప్లయర్లకీ నిద్ర పట్టలేదు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నాకే కాస్త ఊపిరి తీసుకున్నారు. ఇలాంటి స్థానిక మెలిక చిన్న పార్టీకే అర్థమవుతుంది. అదే పార్టీ వెళ్ళి ఢిల్లీ పార్టీలో కలిసిపోతే ఢిల్లీ ఏం చెప్తే అదే ఇక్కడా చెప్పాలి, అమ్మేస్తాం అంటే అమ్మేస్తాం అనాలి.

విలీనంతో ఏ లాభమూ లేదని నేననట్లేదు. 1977లో మన రాష్ట్రంలో 42 సీట్లలో జనతాకి వచ్చింది ఒక్కటే, నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారిది, కానీ 1978 అసెంబ్లీలో 60 వచ్చాయి, లచ్చన్న గారు ప్రతిపక్ష నాయకుడయ్యారు. స్వతంత్రగా మిగిలుంటే అన్ని సీట్లు వచ్చేవి కావేమో. కానీ 1983లో తెలుగుదేశం గాలికి జనతా కొట్టుకుపోయింది, అప్పుడు వెనక్కి వెళ్దామంటే పాత ఇల్లు లేదు. మొన్నటి ప్రజారాజ్యం లెక్క కూడా ఇంతే, అది వ్యాపారుల పార్టీ కాదు గానీ పోలికకి పనికొస్తుంది, 2009లో 18 సీట్లు, 2011లో కాంగ్రెస్‌లో విలీనం, చిరంజీవి గారికి కేంద్రంలో మంత్రి పదవి, మన జిల్లా నుంచి గంటా గారికి రాష్ట్రంలో. ఆ ఓటేసినవాళ్ళకి ఏమొచ్చింది? తర్వాత జనసేన కలిసిపోకుండా పొత్తులో ఉండి 2024లో పోటీ చేసిన 21కి 21 గెలిచింది, సొంత గుర్తుతో. వాళ్ళ విధానాలు నచ్చినా నచ్చకపోయినా ఈ రెండు దారుల తేడా మాత్రం కళ్ళముందే ఉంది.

ఇంకో ముఖ్యమైన తేడా, 1974కి ఇప్పటికి చట్టం మారిపోయింది. 1985లో పార్టీ ఫిరాయింపుల్ని అడ్డుకునే చట్టం వచ్చింది, 2003 సవరణతో మూడో వంతు మంది విడిపోతే చెల్లుతుందన్న వెసులుబాటు కూడా పోయింది. ఇప్పుడు శాసనసభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే విలీనం చెల్లుతుంది, అదే రేపు కలిసిన చోట పొసగక ఒక్కడు బయటికొస్తే సీటు పోతుంది. అంటే లోపలికెళ్ళే తలుపు తెరిచే ఉంది, బయటికొచ్చే తలుపుకి తాళం. పైగా 1989 నుంచి కొత్తగా ఏ పార్టీ రిజిస్టర్ చేసుకోవాలన్నా సోషలిజానికి కట్టుబడి ఉంటామని తమ నియమావళిలో రాసుకోవాలి, సోషలిజం వద్దనే పార్టీ కూడా రాసుకోవాల్సిందే. ఆ నిబంధన పెట్టే రోజున పార్లమెంటులో నక్షత్రం గుర్తు మీద గెలిచినవాడు ఒక్కడు లేడు లేచి ఇదేం న్యాయం అని అడగడానికి.

అందుకని మన ఊళ్ళో నిజంగా ఎవరైనా ఈ ఆలోచనలో ఉంటే నేననేది ఇది. అసెంబ్లీ సంగతి తర్వాత, మన నగర పాలక సంస్థ జీవీఎంసీలో 98 వార్డులున్నాయి, కొట్లూ యూనిట్లూ ఎక్కువున్న వార్డులు నాలుగైదు పట్టుకోండి, ట్రేడ్ లైసెన్సు, ఆస్తి పన్ను, పార్కింగ్, వీటి మీదే మాట్లాడండి, ఓటు ముద్దగా ఉండేది అక్కడే. పెద్ద పార్టీ పొత్తుకి పిలిస్తే వెళ్ళండి, కానీ వాళ్ళ గుర్తు మీద పోటీ చెయ్యకండి, అలా గెలిస్తే చట్టం దృష్టిలో మీరు వాళ్ళ సభ్యులే, విప్ వాళ్ళదే. విలీనం మాట ఎత్తితే మీరు పుట్టిన కారణం ఒక్క వాక్యంలో రాసి వాళ్ళ ముందు పెట్టండి, దాన్ని వాళ్ళ మేనిఫెస్టోలో ఎన్నికలకి ముందే ఎక్కించమని అడగండి. ఎక్కిస్తే ఆలోచించండి. చూద్దాం, గెలిచాక చేద్దాం అంటే టీ తాగేసి వచ్చేయండి.